ఆటోవాడు బిల్లిస్తడా?

"ఇదేంది మేడమ్, టికెట్టు మీద సున్నా ఉన్నది?"

భానుప్రసాద్ ఆ కాగితం ముక్కను వెలుతురుకు పట్టి మరీ చూశాడు. అతను కరీంనగర్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రికి పీఆర్వో.

"జీరో టికెట్టు సార్. ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కదా," అంది ఎలీసబెతు.

"ఫ్రీ అయితే మళ్ల నన్ను కిరాయి అడుగుడేంది?"

"బస్సు కిరాయి అడుగుతలేను. బస్సు జైనూర్ దాంకనే. ఆడికెల్లి గుట్టమీది గూడేనికి ఆటో మాట్లాడుకోని పోయిన. పోను, రాను ఎనిమిది వందలు."

"ఆటో బిల్లేది?"

"ఆటోవాడు బిల్లిస్తడా సార్?"

భానుప్రసాద్ తల పట్టుకున్నాడు. వారం నుంచి ఇదే పంచాయితీ.

ఎలీసబెతుది హుస్నాబాద్. విలేకరే గానీ ఏ పేపర్లోనూ ఉద్యోగం లేదు. రాసిందానికి ఎవరెంతిస్తే అంతే.

ఆసుపత్రి వ్యాను వారం వారం గూడేలకు మందులు తీసుకెళ్తుంది. దాని డీజిలుకు, డ్రైవరు జీతానికి మస్కట్‌లో కూలి చేసుకునే మనవాళ్ల సంఘం డబ్బు పంపిస్తుంది. వచ్చే ఏడాదికి పంపాలా వద్దా అన్నది వాళ్లు ఈ నెలలోనే తేల్చుకుంటారు. వద్దనుకుంటే వ్యాను ఆగిపోతుంది.

అందుకే పేపర్లలో నాలుగు మంచి మాటలు పడాలని భానుప్రసాద్ విలేకరులందరినీ పిలిచాడు. 'ప్రయాణ ఖర్చులు మావే' అని వాట్సాప్‌లో స్వయంగా పెట్టాడు.

మిగతావాళ్లు ఆసుపత్రి కార్లలో జైనూర్ వెళ్లారు. పూలదండ వేసి నిలబెట్టిన వ్యానుకు ఫోటో తీసుకుని, బిర్యానీ తిని, కవర్ పుచ్చుకుని వచ్చేశారు. ప్రెస్‌మీట్‌లో కవరంటే తెలుసు కదా, లోపల ఉత్తరం ఉండదు, నోట్లుంటాయి.

ఎలీసబెతు ఒక్కతే కారెక్కలేదు. వ్యాను జైనూర్‌లో నిలబడడం కాదు, గూడెం దాకా ఎక్కుతుందో లేదో చూస్తానని విడిగా పోయింది.

"పోయొచ్చిండ్రు కదా. మరి రాయిండ్రి!" అన్నాడు భానుప్రసాద్.

"ఏం రాయాలె సార్? నేను పోయిన నాడు వ్యాన్ రాలే. బేస్తవారం వస్తదన్నరు. మొన్నటి కిరాయి ఇస్తే గీ బేస్తవారం పోయి చూసొస్త."

"జర మీరే పెట్టుకోని పోరాదుండ్రి? తర్వాత చూద్దాం."

"నా కాడ ఉంటే మిమ్ముల అడుగుతనా?"

భానుప్రసాద్ అకౌంట్స్ చూసే కైలాసానికి ఫోన్ కలిపాడు.

"బిల్లు లేంది పైసా దాటది," అన్నాడు కైలాసం.

"మరి అంతమందికి కవర్లిచ్చినం కదా?"

"కవర్లు అతిథి మర్యాద కింద పోతయి. వాటికి బిల్లెందుకు?"

విన్నారా విడ్డూరం! నిజంగా అయిన ఎనిమిది వందలకు దారి లేదు, రెండు వేల కవరుకు అడ్డు లేదు. ఈ రూలు రాసిన మహానుభావుడెవరోగానీ, ఒకసారి జైనూర్ తీసుకెళ్లి గుట్టమీదికి నడిపించాలి.

భానుప్రసాద్ సొరుగులోంచి కవర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇగో, రెండు వేలున్నయి. మీ ఆటో వచ్చె, మీ చాయ వచ్చె. నా పానం ఇడిచిపెట్టుండ్రి."

"కవర్ వద్దు సార్. ఎనిమిది వందలే ఇయ్యిండ్రి. ఆటో కిరాయి అని రాసి ఇయ్యిండ్రి."

"అయ్యో, ఎక్కువే ఇస్తున్న కదా తల్లీ!"

"అందుకే వద్దంటున్న."

"ఇయ్యమంటరు, ఇస్తే వద్దంటరు! ఏం పరేషాన్ ఇది? మీరు రాయకుంటే ఏం మునుగది మేడమ్. పేపర్లన్నిట్ల అచ్చయింది!"

ఎలీసబెతు టికెట్టు ముక్కను సంచిలో వేసుకుంది.

"మంచిది సార్," అని వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకున్నాడు భానుప్రసాద్. పేపరు కటింగులన్నీ ఫోటోలు తీసి మస్కట్‌కు పంపాడు. బేస్తవారం వ్యాను ఎప్పటిలాగే గూడేనికి వెళ్లొచ్చింది. చూసి రాసేవాళ్లే లేరు.

ఆ మరునాడు మస్కట్ నుంచి సంఘం పెద్ద సిద్దిరాములు ఫోన్ చేశాడు.

"చూసినం సార్. అన్ని పేపర్లల్ల ఒక్కటే ఫోటో, ఒక్కటే మాట. ఎలీసబెతక్క రాసింది మాత్రం లేదు."

"ఆమె ఏ పేపరుకూ సంబంధించిన మనిషి కాదండీ."

"గది మాకెరికే. పొద్దుగాల మీటింగ్ల అక్కకే ఫోన్ జేసినం. వ్యాన్ గూడెం దాంక ఎక్కుతుందా అక్కా అని అడిగినం. 'నేను చూడలే తమ్మీ, చూడంది చెప్ప' అన్నది."

భానుప్రసాద్ కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కుతుంది! ఒట్టు! ప్రతి బేస్తవారం ఎక్కుతుంది!"

"ఎక్కితే అక్కకెందుకు చూపియ్యలే సార్? మావోళ్లు ఒప్పుకోలే. వచ్చే యేడు పైసలు వేరేదానికి పెట్టాల్నని అందరు చేతులెత్తిండ్రు."

"ఒక్క వారం ఆగుండ్రి! ఆమెను నా కారుల నేనే తీస్కపోత!"

"ఇగ కాదు సార్. తీర్మానం అయిపోయింది."

భానుప్రసాద్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఇన్ని పేపర్లను కాదని, ఆటో కిరాయికి కొట్లాడే ఒక్క ఆడమనిషి మాట మీద వ్యాను ఆపుతరా?"



"మా బాపు ఈడ మస్కట్‌లనే సచ్చిపోయిండు సార్. నెలల కొద్ది శవం దవాఖాన్ల పడి ఉండె, ఒక్క పేపరోడు మా గడప తొక్కలే," అన్నాడు సిద్దిరాములు. "ఎవలు పిలవకున్నా, ఎవలు కిరాయి ఇయ్యకున్నా మా ఊరికొచ్చి, మా అవ్వ పక్కన కూసోని, రాసి రాసి మా బాపును ఇంటికి తెచ్చింది గా అక్కనే."