పళ్లెంలో ఆల్చిప్ప

సన్నికల్లు మీద ఏదో కిర్రుమంది.

చీనా మందు పొట్లం విప్పి, ముఖానికి పట్టు వేద్దామని మా అత్త నూరుతోంది. పసుపైనా వేపాకైనా నూరి పూయడమే మాకు తెలిసిన వైద్యం.

"ఆపవే! పూసేది కాదు, కాచి తాగేది!" సామ్రాజ్యం పెద్దమ్మ పరుగున వచ్చింది.

పెద్దమ్మ మా అత్తకు అక్క. కిందటేడు రంగూన్ నుంచి ఓడలో వచ్చేసింది. తన కూతురు కరుణ మొటిమలకని అక్కడి చీనా వైద్యుడు కట్టిచ్చిన పొట్లాలవి. కరుణ జ్వరంతో అక్కడే పోయింది. పొట్లాలు పెట్టెలో వచ్చాయి.

ఇప్పుడవి మా ఆడబిడ్డ నవోమికి.

నవోమి ముఖం నిండా ఎర్రగా వాచిన మొటిమలు, చీము. చర్చిలో పాట ఎత్తేది ఆ పిల్లే. ఇప్పుడు చర్చికే రాదు. వంటింట్లో కూడా పాడదు. నాకు ఆ నిశ్శబ్దమే భయం.

సున్నపు బట్టీ నుంచి మా మామ జీవానందం వచ్చాడు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"మొన్ననే గదా చీనావాళ్లతో యుద్ధం చేసినాం! వాళ్ల మందు నా బిడ్డకా?"

"యుద్ధం సంగతి ఈ వేర్లకేం తెలుసు మరిదీ?"

పెద్దమ్మ పొట్లం ఆయన ముందు పరిచింది. ఎండిన పూమొగ్గలు, వేర్లు, వాటి మధ్య సన్నికల్లును గీరిన ముక్క.

మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఆల్చిప్ప గదా!"

పులికాటు సరస్సు ఒడ్డున మేం తొక్కుకుంటూ తిరిగేదే. మీసం రానప్పటి నుంచి ఆయన సున్నం కోసం బట్టీలో పోసి కాల్చేదే.

"గట్టిపడిన మొటిమలు కరగడానికంట. చీనా ఆయన చెప్పినాడు."

మామ ఆ ముక్కను మళ్లీ పొట్లంలో పెట్టాడు. లేచి పొయ్యి తనే రాజేశాడు.

కషాయం కటిక చేదు. "విషం నయం వదినా," అనేది నవోమి, ముక్కు మూసుకుని తాగుతూ.

ముందు వాపు దిగింది. తర్వాత ఎరుపు. ఆఖరి పొట్లం కాగితాన్ని పెద్దమ్మ చాలాసేపు మడిచింది.

ఆ ఆదివారం నవోమి ముఖం మీది కొంగు తీసి పాట ఎత్తింది. అందరూ కళ్లు మూసుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

మా చర్చిలో కృతజ్ఞత కానుకగా ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. వడ్లు, చేపలు, కోడిగుడ్లు. సంఘపెద్ద సమాధానం గారు పళ్లెం పట్టుకుని మా వరసలోకి వచ్చారు.

మామ జేబులోంచి కడిగిన ఆల్చిప్ప తీసి, రెండు చేతులతో అందులో పెట్టాడు.

"ఇదేంది జీవానందం?"

మామ పాడుతున్న కూతురి వైపు చూశాడు.

"ఇన్నేళ్లూ కాల్చేసినానన్నా," అన్నాడు.