పైపుల మీద మంచు

నలభై నాలుగు డిగ్రీల మే నెల ఎండలో, ఆసుపత్రి వెనకాల, ఒక ముసలాయన ఆక్సిజన్ పైపుల మీద బాల్చీతో నీళ్ళు పోస్తున్నాడు.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న ఉదయభాస్కర్ అది చూసి ఆగిపోయాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులవి. బెజవాడలో మంచం దొరకడమే గగనం. అతని భార్య హరిచందన మూడు రోజులుగా పై అంతస్తులో ఉంది. ఆమె ప్రాణం ముక్కుకి పెట్టిన గొట్టంలో ఉంది.

పెద్ద ట్యాంకులో ద్రవంగా ఉన్న ఆక్సిజన్ ఈ పైపుల్లోనే వేడెక్కి, గాలిగా మారి పైకి వెళుతుంది. ఆ సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. పటమటలో పన్నెండేళ్ళుగా ఫిజిక్స్ మాస్టారు. ఘనం, ద్రవం, వాయువు అంటూ బోర్డు మీద కణాలకి గుర్తుగా పెట్టిన చుక్కలు లెక్కేస్తే ఆకాశంలో చుక్కలే తక్కువ.

"ఏయ్ తాతా! ఏం చేస్తున్నావ్?"

"మంచు కట్టేసింది బాబూ. కరిగిస్తన్నా."

నిజమే. అంత ఎండలోనూ పైపులకి తెల్లగా మంచు పేరుకుంది.

భాస్కర్ బాల్చీలో వేలు పెట్టాడు. ఎండకి కాగిన నీళ్ళు.

"చల్లటి గాజుగ్లాసులో వేడి టీ పోస్తే ఏమవుద్దో తెలుసా నీకు?"

"ఇది గాజు కాదు గదండీ."

"నాకే చెబుతావా? ఇది పగిలిందంటే లోపల ఒక్కరు మిగలరు!"

"వేడి తగలాలి బాబూ. మంచు అడ్డం పడితే లోపలున్నది గాలి అవదు. కంకిపాడు ఐసు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు చేశానండి..."

"సెక్యూరిటీ!"

వాచ్‌మన్ ఆ పొద్దునే కొత్తగా వచ్చినవాడు. మాస్టారి మాట విని ముసలాయన్ని రెక్క పట్టుకుని నడిపించాడు.

ముసలాయన గేటు దగ్గర వెనక్కి తిరిగాడు. "గంటకోసారన్నా పొయ్యండి బాబూ. మీకు పుణ్యముంటది."

భాస్కర్ బాల్చీని బోర్లించి, భార్యని కాపాడుకున్నాననే తృప్తితో నీడలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలకి నర్సు సువార్తమ్మ పరుగున వచ్చింది.

"తాత ఏడండీ? పైన ప్రెషర్ పడిపోతోంది!"

"నేనే... పంపించేశాను."

ఆమె మొహంలో కోపం కూడా లేదు. పైపుల వైపు చూసింది. ఇందాక పొరలా ఉన్న మంచు ఇప్పుడు దుంగల్లా లావెక్కింది.

వేడి తగిలితేనే కణాలు విడివడతాయి. తను పన్నెండేళ్ళుగా పిల్లల చేత వల్లె వేయించిన మాటే! ముసలాయన చెప్పిందీ అదే. భాస్కర్ బాల్చీ అందుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బాల్చీ మీద బాల్చీ కుమ్మరించాడు. పైపు పగల్లేదు. మంచే పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

పైన ప్రెషర్ మెల్లిగా లేచింది. అందరూ తేరుకున్నారు, ఒక్క హరిచందన తప్ప.

సాయంత్రం సువార్తమ్మ కాగితాల మీద అతని చేత సంతకం పెట్టించుకుంది. ఏడవడానికి కూడా తనకి అర్హత లేదని భాస్కర్‌కి అనిపించింది.

"ఆ తాత తాలూకు వాళ్ళు... బాగున్నారా అండీ?"

"జక్కయ్య గారికి లోపల ఎవరూ లేరండీ."

"మరి ఇక్కడెందుకు?"

"శుక్రవారం ఇలాగే పైపులకి మంచు పట్టి వాళ్ళావిడ సంపూర్ణమ్మ గారు పోయారండీ. మీ మేడంకి దొరికింది ఆ మంచమే. అప్పట్నించీ ఆయన ఇంటికెళ్ళకుండా, 'మా మంచం మీద పడుకున్న అమ్మాయికి ఎలా ఉంది తల్లీ?' అని రోజూ నన్నడిగి మరీ నీళ్ళు పోస్తున్నారండీ."