అడ్డం నిలబడ్డ మనిషి

ఆ ఏడు ఆదెప్ప చేను బీడు పడిందంటే దానికి కారణం దేవుడు కాదు, వాన కాదు. ఓబులేసు.

టీ అంగడి దగ్గర ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో ఆదెప్పకే తెలియదు.

2003 జూన్. తొలివానకు చేను పదునెక్కింది. నాలుగు రోజుల్లో వేరుశనగ విత్తకపోతే ఆ తడి ఆరిపోతుంది.

సబ్సిడీ విత్తనం కోసం ఆదెప్ప ముందురోజు సాయంత్రమే గోడౌను ముందు వరసలో తన చెప్పులు పెట్టి వచ్చాడు. అందరూ అంతే. తెల్లారేసరికి అక్కడ మనుషులు ఇరవై మంది, చెప్పులు మూడు వందల జతలు.

పది గంటలకు లోపలినుంచి కేక వినిపించింది.

"ఇంక ముప్పై మూటలే ఉండాయి!"

వరస తెగింది. జనం గేటు మీద పడ్డారు.

ఆదెప్ప గేటుకు పది అడుగుల దూరంలో ఉండగా, ముందునుంచి ఒక మనిషి వెనక్కి తిరిగి వచ్చి, కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

నల్లమాడ ఓబులేసు. బెంగుళూరులో ఒక కంపెనీ జట్టుకు జీతానికి ఫుట్‌బాల్ ఆడి, మోకాలు పోయి, ఊరు చేరినవాడు. యాభై దాటినా ఎక్కడికి పోయినా పెండ్లాం నల్లమ్మను సైకిల్ మీద కూర్చోబెట్టుకొని పోతాడని జనం నవ్వుకునేవారు.

"ఆడమనిషి పడిందప్పా! ఆగండి!"

"నీ పెండ్లాం పడితే మా ఇత్తనాలు ఆపుతావా? తప్పుకో!"

ఆదెప్ప అతని రొమ్ము మీద గుద్దాడు. రెండుసార్లు.

ఓబులేసు చెయ్యెత్తలేదు. కదల్లేదు.

అంతలో మూటలు అయిపోయాయి.

"పెండ్లాం మీద అంత ప్రేముంటే ఇంట్లో పెట్టుకోవల్ల. తెచ్చి మా నోట్లో మన్ను కొట్టేదేంది?" అని ఆదెప్ప ఏడాదంతా తిట్టాడు.

"ఇంక ఇడిచిపెట్టు మామా," అనేది భార్య కదిరమ్మ.

"ఇడిచిపెట్టేదానికి అది మీ నాయన చేనా?"

మరుసటి ఎండాకాలంలో ఓబులేసు పోయాడు. గుండె ఆగిందన్నారు.

"దినాలకు పోయి వద్దాం," అంది కదిరమ్మ.

"వాని దినాలకు నేనా?"

"నువ్వు రాకున్నా నేను పోతా."

పెండ్లయిన పదహారేండ్లలో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ విడ్డూరానికే ఆదెప్ప ఆటో ఎక్కాడు.

ఓబులేసు వాకిట్లో బెంగుళూరునుంచి వచ్చిన నలుగురు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. అందులో వేళ్లు వంకరపోయిన ఒకాయన మాట్లాడుతున్నాడు.

"నేను గోల్‌కీపర్‌ని. తొమ్మిదేండ్లు ఈయప్ప వెనక నిలబడినా. ఎంతమంది మీద పడినా తప్పుకోడు, తిరిగి తన్నడు. మ్యాచి అయిపోతూనే మేమంతా ఓటలుకు పోతే, ఈయప్ప పాపకు పాలడబ్బా కొనుక్కొని ఇంటికి పరిగెత్తుతా ఉండె."

ఆదెప్పకు ఉండబట్టలేదు.

"పెండ్లాం కోసం మా కడుపులు కొట్టినాడులే."

గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. నల్లమ్మ తలెత్తి చూసింది.

"ఏ పొద్దు, అన్నా?"

"గోడౌను కాడ. నువ్వు కింద పడిన పొద్దు."

"నేను పడలేదన్నా. ఆ పొద్దు నాకు చలిజ్వరం, మంచం కూడా దిగలేదు. ఎవరో ముక్కూమొగం తెలియని ఆయమ్మ జనం కాళ్ల కింద పడిందని ఇంటికొచ్చి చెప్పినాడు. ఈయప్ప వరసలో మూడో మనిషంట. గేటు కాడ్నించి వెనక్కి వచ్చేసినాడు. మాకూ ఇత్తనం రాలేదు."

"ఎవరంట ఆయమ్మ?" అన్నాడు గోల్‌కీపర్.

"పేరు అడగలేదంట సామీ. లేపి, నీళ్లు తాపి, ఆటో ఎక్కించినాడంట."

ఆడవాళ్ల మధ్యనుంచి కదిరమ్మ లేచి వచ్చింది. నల్లమ్మ ముందు కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, ఆ పడింది నేనే. ఆడవాళ్ల వరసలో ఇంకొక మూట దొరుకుతుందని ఈయనకు చెప్పకుండా వచ్చినా. ఇత్తనం రాకపోయింది నా వల్లనే అంటాడని ఇంట్లో నోరు తెరవలేదు."

కదిరమ్మ మీద జనం పడకుండా అడ్డం నిలబడ్డ మనిషిని ఆదెప్ప ఏడాదిపాటు తిట్టింది, మొత్తం, రెండెకరాల నలభై సెంట్ల చేను కోసం.