నిండిన బండి

"ఈ సాయంత్రం యాప్ వదలడం కుదరదు సార్" అంది ముంబువా.

ఇంజనీరు ఒచోలా నోటి దాకా వచ్చిన చాయ్ కప్పు అక్కడే ఆగింది. మతాటు అనే షేర్ వ్యాన్ సీట్ల కింద పెట్టే సెన్సర్ బిళ్ళ అతని సొంత బిడ్డ. నైరోబీలో మతాటుకి టైమంటూ లేదు, నిండితేనే కదులుతుంది. సీట్లో మనిషి కూర్చుంటే బిళ్ళ నొక్కుకుంటుంది, ఎన్ని సీట్లు నిండాయో యాప్‌లో కనిపిస్తుంది. జనం స్టేజీలో పడిగాపులు పడక్కర్లేదు. బండి నిండబోతుంటే ఇంట్లోంచి బయల్దేరితే చాలు.

డైరెక్టర్ గిచుకి బల్ల మీద చరిచాడు. "సాయంత్రం ప్రయాణికుల్ని హాలుకి పిలిచాను. వాళ్ళ ముందే యాప్ వదులుతానన్నాను. హాలు నిండదేమోనని నేను చస్తుంటే మధ్యలో నీ గోలేంటి?"

"హాలు నాకొదిలేయండి, నిండుతుంది. బండి సంగతే తేలలేదు."

"లెక్క తప్పుతోందా?"

"లేదు."

"మరింకేం?"

"అది చూడ్డానికే ఒచోలాని స్టేజీకి తీసుకెళ్తున్నా."

ముంబువా అక్కడ లీడ్ ప్రొడక్ట్ మేనేజర్. తయారుచేసేవాడికి తన యంత్రం ముద్దు, అమ్మేవాడికి తన తేదీ ముద్దు. ఆ ఇద్దరి నడుమ నిలబడి, వాడుకునే మనిషి తరఫున 'కాదు' అనడమే ఆమె కొలువు. ఆ మాట అనడానికి దమ్ము కావాలి. ఎవరూ చప్పట్లు కొట్టరు.

దారంతా ఒచోలా ముఖం మాడ్చుకునే కూర్చున్నాడు. కంగెమి స్టేజీలో ఒక మతాటు తలుపు పట్టుకుని కండక్టర్ బరాసా అరుస్తున్నాడు. "ఎక్కండెక్కండి, రెండే సీట్లు, పోతోంది పోతోంది."

ఒచోలా ఫోన్ చూసుకున్నాడు. రెండే సీట్లు. ముఖం వెలిగింది. "చూశావా అక్కా? వాడి నోరూ నా ఫోనూ ఒకటే మాట చెబుతున్నాయి."

"ఎక్కు మరి."

ఇద్దరూ ఎక్కారు. బండి నిండిందని ఫోన్ టింగుమంది. ఒచోలా పక్కన ఆకుపచ్చ తలగుడ్డ చుట్టుకున్న పెద్దావిడ ఒళ్ళో ఖాళీ బుట్ట పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కడిదాకా అమ్మా?" అడిగాడు హుషారుగా.

"వెనక బండి దాకా నాయనా."

అతనికి అర్థమయ్యేలోపు బరాసా బండి పైకప్పు మీద దబ్ దబ్ మని రెండు దెబ్బలు వేశాడు. సగం మంది కిమ్మనకుండా లేచి దిగిపోయారు. తలగుడ్డ పెద్దావిడ కూడా. అందరూ వెళ్ళి వెనకున్న ఖాళీ మతాటులో సర్దుక్కూర్చున్నారు.

"ఏంటిది?" అన్నాడు ఒచోలా.

బరాసా నవ్వాడు. "ఏ ఊరు బ్రదర్ నీది? ఖాళీ బండి ఎవడెక్కుతాడు? ముందు మావాళ్ళు కూర్చుంటారు. అది చూసి నీలాంటోళ్ళు ఎక్కుతారు. అప్పుడు మావాళ్ళు దిగుతారు. చాయ్, రెండు మందాజీ బూరెలు పెడితే చాలు, పొద్దంతా కూర్చుంటారు."

ఇదిగో చెప్పానా అనలేదు ముంబువా. "నీ బిళ్ళ అబద్ధమాడలేదురా తమ్ముడూ. మనుషులు కూర్చున్నారు, అది లెక్కపెట్టింది. కానీ దీన్ని ఇలాగే వదిలామనుకో, చంటిపిల్లని చంకనేసుకుని ఒక తల్లి పరిగెత్తుకొస్తుంది. వచ్చి సగం ఖాళీ బండి చూస్తుంది. మళ్ళీ జన్మలో మన యాప్ ముఖం చూడదు."

అందరూ సీట్లు చూస్తుంటే ఆమె కళ్ళు ముందున్న స్టీరింగ్ వైపు పోయాయి. "బరాసా, డ్రైవరేడీ?"

"అడుగో, చాయ్ బెంచీ మీద. అసలోళ్ళతో ముప్పాతిక బండి నిండితేగానీ లేవడు. నటించడానికి కూడా బద్ధకం వాడికి."

ముంబువా ఒచోలా వైపు తిరిగింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

"డ్రైవర్ సీటు కింద బిళ్ళ" అన్నాడు అతను నెమ్మదిగా. "డ్రైవర్ కూర్చున్నాకే ఫోన్ మోగాలి. చేస్తానక్కా. కానీ వారం కావాలి."

"వారం నేను తెస్తా."

ఆమె బరాసాని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. వాడు ముందు తల అడ్డంగా ఊపాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

సాయంత్రం హాలు పక్క తలుపులోంచి తొంగిచూసి గిచుకి పొంగిపోయాడు. "కుర్చీలు చాలట్లేదు. జనం కావాలంటుంటే నువ్వెవరు వద్దనడానికి?"

"ఒక్క వారం ఆగండి సార్. బండ్లలో కూర్చునేవాళ్ళలో సగం మంది ప్రయాణికులు కారు. నిండిందన్న మాట నమ్మి వచ్చినవాళ్ళు మోసపోతారు."

"సీట్లో మనిషి కూర్చున్నాక ప్రయాణికుడు కాకపోతే దెయ్యమా? ఇదిగో ఈ హాలు. నిండిందా లేదా?"

"మీరే చెప్పండి."

"నిండింది. కళ్ళున్న ఎవడైనా అదే అంటాడు." జేబులోంచి ఫోన్ తీశాడు. నొక్కితే యాప్ ఊరి మీద పడుతుంది.

ముంబువా మాత్రం వాదన పెంచలేదు. హాలు చివర గోడకానుకుని నిలబడ్డ బరాసాకి చెయ్యెత్తి సైగ చేసింది.

దబ్, దబ్.

హాల్లో సగం మంది కిమ్మనకుండా లేచారు. కుర్చీలు వెనక్కి జరుపుకుని, పక్క తలుపు వైపు బారుగా నడిచొచ్చారు. గిచుకి బొటనవేలు గాల్లోనే ఉండిపోయింది. ఆకుపచ్చ తలగుడ్డ పెద్దావిడ అతని ముందు ఆగి, ఖాళీ బుట్ట చంక మార్చుకుంది.

"వెనక బండి ఎటు నాయనా?"