నేలకేమైంది

నా భార్య లీలమ్మ షెడ్డు కడిగిన నీళ్లు ఇంకా మోరీలోకి పోతూనే ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ తెల్లటి క్యారవాన్ లోపలికి వచ్చింది.

లోపల మంచం, పొయ్యి, దేవుడి అర. చక్రాల మీద ఒక ఇల్లు.

గుడిమల్కాపూర్‌లో పూల వ్యాపారం చేసే వైకుంఠం సేటుది ఆ బండి. మోకాళ్లు పోయిన తల్లిని శ్రీశైలం తీసుకుపోవడానికి కొన్నాడు.

"దుర్గన్నా, జాగ నీది. బండి ఎత్తు సరిచేసే పని డానియేలు ఉస్తాద్ చేస్తడు" అన్నాడు దిగుతూనే.

ఇరవై ఏళ్లు ఆయన పూలబండ్లకు బరువు మోసే ఇనుప కమాను పట్టీలు మార్చింది నేను. ఆ ఇరవై ఏళ్లూ ఉస్తాద్ అన్న పిలుపు నాదే.

ఈ బండికి పట్టీలు లేవు. గాలి బెలూన్ల మీద నిలబడుతుంది. ఆ పని నాకు రాదు.

డానియేలుకు వచ్చు. పానా పట్టుకోవడం మాత్రం అతను నా దగ్గరే నేర్చుకున్నాడు, ఈ షెడ్డులోనే.

"నమస్తే ఉస్తాద్. మీ పద్నాలుగు నంబరు పానా ఇస్తరా? నాది యాకుత్‌పురాల మర్చిపోయొచ్చిన."

గోడ వైపు చెయ్యి చూపించాను. లేచి ఇవ్వలేదు.

అతను బండి కిందికి దూరాడు. ఒక్కో చక్రం దగ్గర ఇరుసు నుంచి ఛాసిస్ దాకా టేపు పెట్టి కొలిచాడు. వాల్వుకున్న చిన్న కడ్డీని కాస్త తిప్పాడు. బుస్సుమని గాలి ఎక్కింది. అంత పెద్ద బండీ వేలెడు లేచింది.

సేటు ఫోన్లో వీడియో తీశాడు.

"చూస్తున్నవా దుర్గన్నా? జాకీ లేదు, సుత్తె లేదు. నీ పట్టీల జమానా అయిపోయింది పో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గోడ మీద అమ్మవారి పటం ఉంది. అటు చూడబుద్ధి కాలేదు.

పని అయిందన్నాడు డానియేలు. సేటు తల్లి వాసవాంబ బండిలో కూర్చుని, దేవుడి అరలో ఇత్తడి ప్రమిద పెట్టి, నిండా నూనె పోసి వెలిగించింది.

కాసేపటికి లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఓ వైకుంఠం, నూనె ఒక్క దిక్కే కారుతున్నది రా. బయలెల్లేటప్పుడు గిదేం శకునం?"

సేటు మొహం మాడిపోయింది. "ఏంది డానియేలు ఇది? బండి కుడిపక్కకు ఒరిగింది కదా!"

"కొలత సరిగ్గనే ఉన్నది సేటూ."

"కొలత సరిగ్గుంటే నూనె ఎందుకు కారుతది?"

"సేటూ, ఈ షెడ్డు నేల..." అని ఆగాడు డానియేలు. నా వైపు చూశాడు.

నా నేల గురించి నేనే చెప్పాలని ఆగాడు.

సిమెంటు పోసిన రోజు దారం పట్టి, మోరీ వైపు నాలుగు వేళ్ల వాలు పెట్టించింది నేనే. మోరీ కుడిపక్కనే ఉంది. బండి తప్పు లేదు. డానియేలు తప్పు లేదు.

"నేలకేమైంది?" అన్నాను.

టీ తెచ్చిన లీలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

డానియేలు పానా తుడిచి నా చేతికిచ్చాడు.

చాలా ఏళ్ల తర్వాత బండి కింద పడుకున్నాను. అతను చేస్తుంటే చూశాను కదా. కుడివైపు వెనక కడ్డీని రెండు చుట్లు తిప్పాను. బుస్సుమంది. బండి కుడిపక్క లేచింది.

"ఆగింది రా! నూనె ఆగింది!" అంది వాసవాంబ.

"ఎంతైనా ఉస్తాద్ ఉస్తాదే!" సేటు నా భుజం చరిచాడు.

ఎన్నాళ్లకు విన్నానో ఆ మాట. దేవుడి దీపాన్ని నిలబెట్టాను, అందులో పాపమేముంది అనుకున్నాను. అమ్మవారిని మాత్రం అడగలేదు.

బండి వెనక్కి వెళ్లి చదునైన రోడ్డెక్కింది.

కుడి చేతిలో నిండు బిందె పట్టుకున్న మనిషిలా ఎడమకు ఒరిగి నిలబడింది.

కిటికీలోంచి వాసవాంబ నాకు దండం పెడుతోంది.

శ్రీశైలం ఘాటు మలుపులు కళ్ల ముందుకొచ్చాయి. ఆపండని అరవాలి. నోరు లేవలేదు.

డానియేలు పరుగెత్తాడు. అరచేత్తో బండిని దబదబా కొట్టాడు.

"సేటూ, రెండు నిముషాలు! రోడ్డు మీద ఇంకొకపారి చూడుమన్నడు ఉస్తాద్."

నేను గుమ్మం దాటలేదు.

ఆటోలు హారన్లు కొడుతుంటే అతను దుమ్ములోనే పడుకుని బండి కిందికి దూరాడు. నేను తిప్పిన రెండు చుట్లూ వెనక్కి తిప్పాడు. బండి నిటారుగా నిలబడింది.

"ఈ వయసుల గూడ ఎంత ఫికర్ నీకు! మస్తు ఖుషీ అయింది ఉస్తాద్!" సేటు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

బండి వెళ్లిపోయింది.

డానియేలు లోపలికి వచ్చి పానాను గోడకు, దాని మేకుకే తగిలించాడు.

"పోయొస్త ఉస్తాద్."

తలూపాను.

లీలమ్మ టీ గ్లాసులు కింద పెట్టి బకెట్టు అందుకుంది. పొద్దున కడిగిన షెడ్డే అది.

షెడ్డు నడుమ నీళ్లు గుమ్మరించింది. అవి మోరీలోకి పోయేదాకా నిలబడి చూసింది.