లిండా కథ

"మళ్ళీ చెప్పు. లిండా అన్నచోట 'నేను' అని పెట్టి, వాక్యాన్ని వర్తమానంలోకి మార్చు," అన్నాడు వినయ్, సెల్‌ఫోన్ మౌనిక పెదవుల దగ్గర పట్టుకుని.

మౌనిక గొంతు సవరించుకుంది. "ఐ యామ్ వెయిటింగ్ ఫర్ ది రెయిన్ టు స్టాప్."

"శభాష్!" అంటూ బిస్కెట్టు విరిచి సగం ఆమె నోట్లో పెట్టాడు. తప్పు లేకుండా చెప్పిన ప్రతి వాక్యానికీ అర బిస్కెట్టు. మిగతా సగం గురువుగారిది. కొత్త కాపురంలో వాళ్ళు రాసుకున్న మొదటి చట్టం అది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. హైటెక్ సిటీకి క్యాబులు రామంటున్నాయి. వినయ్ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూకట్‌పల్లి ఫ్లాట్‌లోనే పనిచేస్తున్నాడు. ఊరంతా సతమతమవుతుంటే మౌనికకు మాత్రం రోజూ పండగే. ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద గ్లాసులో టీ, మూసాపేట వైపు నుంచి గాలిలో తేలివచ్చే నినాదాలు, అత్తగారు కమలమ్మ గుడికి వెళ్ళగానే ఈ ఇంగ్లీషు పాఠం.

"మీవాళ్ళ బందు పుణ్యమా అని నీకు ఇంగ్లీషు వచ్చేస్తోంది," అని ఏడిపించేవాడు వినయ్.

"మరి జై తెలంగాణ అనున్రి. అంటేనే ఇంకో వాక్యం చెప్త," అనేది మౌనిక.

అనేవాడు కూడా.

ఆమెకు కాల్ సెంటర్లో ఉద్యోగం చెయ్యాలని ఉంది. డిగ్రీ చదివినా, అంతా తెలుగు మీడియమే. పైగా కమలమ్మ పుల్లవిరుపు మాటలు. "మా అన్న కూతురు రమ్య ఫోనెత్తిందంటే ఇంగ్లీషే మాట్లాడతాది. మావోని ఆఫీసులోనే చేరింది గదా. దాన్ని కాదని వీడు నీ వెంట ఏంటికి పడినాడో, ఆ దేవునికే తెలియాల!"

ఆ మాట గుచ్చుకుని, నేర్పమని అడగ్గానే వినయ్ ఒప్పుకున్నాడు. కథ ఆలోచన కూడా అతనిదే.

"వ్యాకరణం పుస్తకాలు చదివితే నిద్రొస్తుంది. ఆఫీసులో ఒక ఇంగ్లీషు కథ చదివాను. లండన్లో లిండా అనే అమ్మాయి కథ. అందులో వాక్యాలతోనే నేర్పుతాను."

"ఆ పుస్తకం తెచ్చియ్యున్రి, నేనే చదువుకుంట."

"చదివితే కళ్ళకొస్తుంది. నీకు నోటికి రావాలి. నేను చెప్తా, నువ్వు మార్చు."

తను చెప్పేటప్పుడు రికార్డింగ్ ఆపేసి, ఆమె చెప్పేటప్పుడే నొక్కేవాడు. తన గొంతు కలిస్తే ఆమె ఉచ్చారణ సరిగా తెలియదట. పాఠాల సంగతి అమ్మకు చెప్పొద్దనీ, ఒక్కసారిగా ఆశ్చర్యపరుద్దామనీ అన్నాడు. మౌనిక చేతిలో చెయ్యి వేసింది.

మొదట్లో వానా, గొడుగూ, రొట్టెల దుకాణమూ వచ్చాయి. తర్వాత లిండా మనసులోని మాటలు మొదలయ్యాయి. లిండా భర్తను ప్రేమించలేదు అనే వాక్యం వచ్చిన రోజు మౌనిక నవ్వు ఆపుకోలేకపోయింది.

"గిదేం కథండి! ఇంత మంచి మొగుణ్ణి ముంగట పెట్టుకొని గిట్ల చెప్పాల్నా?"

"నవ్వితే బిస్కెట్టు లేదు. వాయిస్ టెస్టులో భావం చూస్తారు. గొంతులో ఏడుపు రావాలి."

మళ్ళీ మళ్ళీ చెప్పగా చెప్పగా నిజంగానే గొంతు వణికింది, కళ్ళు చెమర్చాయి. ఆ రోజు ఆమెకు బిస్కెట్టు మొత్తం దక్కింది.

"ఇంతకూ చివర్ల లిండా ఏమైతది?"

"ఇప్పుడే చెప్పేస్తే మజా ఏముంది?" అంటూ ముక్కు గిల్లాడు.

సమ్మె ముగిశాక ఒక ఆదివారం వినయ్ పెద్దవాళ్ళను ఇంటికి పిలిచాడు. బాలానగర్లో లేత్ మిషన్ మీద పనిచేసే మౌనిక తండ్రి పెంటయ్య, కూతురు రాత్రి ఉద్యోగం చేస్తానంటే ససేమిరా అన్నాడు. అందుకే వినయ్ ప్రొద్దుటూరు నుంచి రంగనాథ్‌ను కూడా రప్పించాడు. ఆయన కమలమ్మ అన్న, రమ్య తండ్రి, ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి.

"మామ నీ ఇంగ్లీషు విని మెచ్చుకుంటే మీ నాన్న ఇక కాదనలేడు," అన్నాడు మౌనికతో.

మౌనిక అతనికి ఇష్టమైన నీలం చీర కట్టుకుంది. మిరపకాయ బజ్జీలు వేసింది.

"ఏందే బిడ్డా, గంత ఖుషీ?" అన్నాడు పెంటయ్య.

"జర ఆగు నాయినా, ఇప్పుడు ఇంటవు."

వినయ్ టీపాయ్ మీద ఫోన్ పెట్టి నొక్కాడు. మౌనిక గొంతు గదంతా నిండింది. ఎక్కడా తడబాటు లేదు, తప్పు లేదు, ఏడుపు కూడా కుదిరింది. ఆమె సంబరంగా రంగనాథ్ ముఖం చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసేశాడు.

"మా బిడ్డ ఏమంటున్నది సారూ? మంచిగ మాట్లాడుతున్నదా?" అడిగాడు పెంటయ్య.

రంగనాథ్ నేలచూపులు చూస్తూ తెలుగులో చెప్పాడు. "నేను నా భర్తను ప్రేమించడం లేదు అంటోంది. మా నాన్న బలవంతం మీద ఈ పెళ్ళి చేసుకున్నాను అంటోంది. నా మనసులో వేరే మనిషి ఉన్నాడు, అతను పిలిచిన రోజు ఈ ఇల్లు వదిలి వెళ్ళిపోతాను అంటోంది."

కమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెంటయ్య చేతిలోని బజ్జీ ప్లేటులోకి జారింది.

"ఎవనితోని మాట్లాడినవే గిట్ల?" అన్నాడు.

మౌనిక పకపకా నవ్వింది. "అయ్యో నాయినా, పరేషాన్ గాకు! గవి నా మాటలు గావు, లిండా మాటలు. ఇంగ్లీషు నేర్చుకునేటందుకు కథల వాక్యాలు చెప్పిన, అంతే!"

ఎవరూ నవ్వలేదు. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, జర వీళ్ళకు ఆ కథ చెప్పున్రి."

వినయ్ ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. తల వంచుకుని, అచ్చం ఆమెకు నేర్పినట్టే గొంతులోకి ఏడుపు తెచ్చుకున్నాడు.

"ఏ కథ?" అన్నాడు.