ఎడమ ముందు చక్రం

పెడన దాటాక మొదటి స్పీడ్‌బ్రేకర్ మీద కారు ఎగిరి పడింది. బాలసరస్వతి భర్త భుజం తట్టి గట్టిగానే అడిగింది.

"ఏవండీ, కింద టకటకా అంటోంది. మీకు వినబడటంలేదా?"

భీమశంకరంగారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. వినబడకేం, వారం రోజులుగా వింటూనే ఉన్నానని చెప్పారు.

ఆయన బందరులో ముప్పై రెండేళ్ళు ఇంటరు పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. శబ్దం పాఠం మొదలుపెడితే పక్క సెక్షనువాళ్ళు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చునేవారు. అలాంటి మనిషికి సొంత కారులో చప్పుడు గురించి ఇంకొకరు చెప్పాలా? కవుతరం వచ్చేదాకా భార్యకి వివరిస్తూనే ఉన్నారు. గతుకుల్లో మాత్రమే వస్తోందంటే ఇంజను కాదు, సస్పెన్షన్. ఒక్కసారి ధన్‌మని ఊరుకుంటే షాక్ అబ్జార్బరు. వరసగా టకటకలాడితే లింక్ రాడ్డు. ఇది ఎడమ ముందు చక్రం దగ్గర లింక్ రాడ్డే, అనుమానం లేదు.

ఆయన చెబుతున్నంతసేపూ వెనక ఒక ఇసుక లారీ హారన్ కొడుతూనే ఉంది. ఆయన దారి ఇవ్వలేదు. చివరికి లారీవాడు మట్టిలోకి దింపి, కారుని దాటి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అన్నాడు. తన పాత విద్యార్థి ఎవరో అయ్యుంటాడని భీమశంకరంగారు కూడా చెయ్యి ఊపారు.

అది ఇరవై రెండేళ్ళ కారు. మామూలు రోజుల్లో అయితే చిన్న చప్పుడుకి ఇంత హడావుడి ఉండేది కాదు. కానీ వాళ్ళ అమ్మాయి శ్రీలక్ష్మికి గుడివాడ ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. గురువారం తల్లినీ బిడ్డనీ బందరు తీసుకురావాలి. వేరే కారు మాట్లాడతానని అల్లుడు అంటే భీమశంకరంగారు ససేమిరా అన్నారు. తన మనవరాలు తన కారులోనే వస్తుంది, తనే నడుపుతారు. బాలసరస్వతి ఆ మాటకి అడ్డు చెప్పలేదు. చప్పుడు సంగతేమిటో తేలేదాకా మాత్రం పసిగుడ్డుని అందులో ఎక్కించనని తేల్చేసింది. గుడివాడలో కృపానందానికి చూపిద్దామన్నది కూడా ఆవిడే.

కృపానందం మెకానిక్. ఒకప్పుడు భీమశంకరంగారి దగ్గరే ఇంటరు చదివాడు. సార్‌ని చూడగానే చేతులకి అంటిన గ్రీజు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వేశాడు. షెడ్డులో ఓ మూల ఎవరో డోరు రేకు మీద సుత్తితో కొడుతున్నారు. ఆ మోతలోనే, టీ తెప్పించమంటారా, కాఫీ తెప్పించమంటారా అని మర్యాదగా అడిగాడు.

"ఇరవై రెండేళ్ళయింది. ఒక్కనాడూ మొరాయించలేదు," అన్నారు భీమశంకరంగారు బానెట్ మీద చెయ్యి వేసి.

కృపానందం బాలసరస్వతి వైపు చూశాడు. కాఫీ అని ఆవిడ చెప్పింది.

అతను పని మొదలుపెట్టాడు. కారు ముందు మూలని కిందికి అదిమి వదిలాడు. జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కింద పడుకుని ఇనప రాడ్డుతో కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్షులు ఒక్కొక్కటే కదిపి చూశాడు. లేచి, స్టీరింగు దగ్గర కూర్చుని, సార్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బాలసరస్వతి వెనక సీట్లో కూర్చుంది.

ముదినేపల్లి రోడ్డులో చేపల చెరువుల పక్కన గతుకులకి కొదవలేదు. ప్రతి గతుకు దగ్గరా కృపానందం సార్ ముఖంలోకి చూసి, వచ్చిందా అని అడిగాడు. ప్రతిసారీ ఆయన వచ్చిందనే చెప్పారు. ఒకచోట కారు ఆపి, పానా పట్టుకుని దిగి, చక్రం దగ్గర కాసేపు కూర్చుని వచ్చాడు. మళ్ళీ నడిపి, ఇప్పుడెలా ఉందని సైగ చేశాడు.

భీమశంకరంగారు కళ్ళు మూసుకున్నారు.

"తగ్గింది. పూర్తిగా పోలేదు. సన్నగా వస్తోంది, శ్రద్ధగా వింటే గానీ తెలియదు."

వెనక బాలసరస్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి చూసి, దుమ్ము పడుతోందనుకుని అద్దం ఎక్కించారు.

తిరిగి వచ్చే దారిలో కృపానందం ముఖం చిన్నబోయింది. రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. భీమశంకరంగారికి జాలేసింది. నీకు వినబడలేదని బాధపడకు, చెవికి కూడా సాధన కావాలి, నీకింకా వయసుంది అని వీపు తట్టారు. క్లాసులో ఏనాడూ తిట్టించుకోని కృపానందం తల వంచుకుని నడిపాడు.

షెడ్డుకి చేరాక అతను ఇక దాచలేక, నేల చూపులు చూస్తూ ఉన్న సంగతి చెప్పేశాడు. మూలన సుత్తి మోత ఆగలేదు. భీమశంకరంగారు చివరిదాకా నిలబడి, గంభీరంగా తల ఊపారు.

"అలాగే చెయ్యి. గురువారంలోగా అయితే చాలు."

కృపానందం మళ్ళీ బాలసరస్వతి వైపు చూశాడు. ఆవిడ నిట్టూర్చి, చేతిసంచీలోంచి పెన్ను తీసి ఇచ్చింది. అతను ఓ పాత బిల్లు కాయితం తిరగేసి, కారు మీదే ఆనించి రాసి, రెండు చేతులతో సార్‌కి అందించాడు. మార్చాల్సిన సామాన్ల జాబితా అనుకుని భీమశంకరంగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"సార్, క్షమించండి, ఈ కారులో పొద్దుటినుంచీ ఏ చప్పుడూ లేదు, అమ్మగారు చెవుల డాక్టరు దగ్గర పన్నెండింటికి మీ పేరు రాయించారు."